ఇన్సర్ట్ మీటకు మళ్లీ ప్రాణం వచ్చిన రోజు

(అమలాపురంలో డీటీపీ నడిపేవారు, కంప్యూటర్ విద్యార్థులు కలిసిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆలస్యంగా వచ్చినందుకు మన్నించండి. నరసాపురంలో పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి, అక్కడి నుంచి బస్సులో రాజోలు మీదుగా వచ్చాను. చించినాడ వంతెన మీదుగా వస్తే ఇంత ఆలస్యం అయ్యేది కాదని నిర్వాహకులు ఫోనులో చెప్పారు. నిజమే. కానీ చిన్నప్పటి నుంచీ నాకు గోదావరి దాటడమంటే పంటు ఎక్కడమే. వంతెన దారి మంచిదని తెలిసినా కాళ్లు రేవు వైపే నడుస్తాయి. ఈరోజు నేను చెప్పబోయేది కూడా ఇలాంటి కాళ్ల గురించే. కాకపోతే మా షాపులో అవి చేతివేళ్లు.

మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, రొయ్యల చెరువుల వారికి బిల్లు పుస్తకాలు, లేసు ఎగుమతి చేసేవారికి లేబుళ్లు వేస్తాం. నాలుగు కంప్యూటర్లున్నాయి, నాలుగింటిలోనూ విండోసుకు బదులు వాడే ఉచిత వ్యవస్థ లినక్సే. ఒకప్పుడు మేమూ అందరిలాగే ఎవరో ఇచ్చిన సీడీలోని విండోసు, పేజ్‌మేకరు, అను ఫాంట్లతోనే నెట్టుకొచ్చాం. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, సూరన్న వంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా వచ్చాక ధైర్యం చేసి మారిపోయాం. అప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా మాది డెబియన్ అనే రకం లినక్సు, దాని మీద కేడీఈ అనే డెస్క్‌టాప్, అంటే తెర మీద కనబడే పట్టీలు, విండోలు, బొత్తాల ఏర్పాటు.

షాపులో టైపు చేసేది ఒక అక్క. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. మాకు చుట్టరికం ఏమీ లేదు. షాపులో ఆవిడ నన్ను తమ్ముడూ అంటారు, నేను అక్కా అంటాను, అంతే. కీబోర్డు వైపు చూడకుండా, కస్టమరు చెబుతుండగానే శుభలేఖ మొత్తం కొట్టేస్తారు. కంప్యూటర్ గురించి ఆవిడకు ఏమీ తెలియదని నేను చాలాకాలం అనుకున్నాను. అది నా పొరపాటని ఇప్పుడు చెప్పబోయే వారంలో తెలిసింది.

2025 అక్టోబరు ఆఖరున మోంథా తుఫాను వచ్చి వెళ్లింది కదా. ఆ తరువాతి వారం షాపులో పెద్దగా పని లేదు. కరెంటు వచ్చింది, ఇంటర్నెట్టు వచ్చింది, కస్టమర్లు రాలేదు. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు నాలాంటివాడికి పుట్టే బుద్ధి ఒకటే: అప్‌గ్రేడ్. డెబియన్ 13 అప్పటికే ఆగస్టు 9న విడుదలైంది. మేము వాడుతున్నది 12. ఒక శనివారం రాత్రి భోజనం చేసి కూర్చున్నాను. నాలుగింటిలో వేగమైనది అక్క కంప్యూటర్ కాబట్టి త్వరగా అయిపోతుందని దానితోనే మొదలుపెట్టాను. మీరు నవ్వుతున్నారు. సరే, నవ్వండి, ఆ నవ్వుకు నేను అర్హుడినే.

అర్ధరాత్రి దాటాక అంతా సవ్యంగా పూర్తయింది. ఒక్క ఎర్ర అక్షరం కూడా రాలేదు. తెర మీద కేడీఈ డెస్క్‌టాప్ కొత్త వెర్షను, ప్లాస్మా 6 వచ్చింది. కింద ఉండే పట్టీ ఇప్పుడు అంచుకు అంటుకోకుండా కాస్త పైకి తేలినట్టు ఉంది. ముచ్చటగానే ఉంది. ఫోటో తీసి స్నేహితులకు కూడా పంపాను. ఇన్‌స్టాలరు దృష్టిలో అప్‌గ్రేడ్ విజయవంతం. నా దృష్టిలోనూ అంతే.

సోమవారం పొద్దున్న అక్క వచ్చారు. పది నిమిషాలకే పిలుపు వచ్చింది. “తమ్ముడూ, ఫోల్డరు తెరుచుకోవడం లేదు.”

వెళ్లి చూశాను. ఆవిడ ఫోల్డరు మీద ఒకసారి నొక్కుతున్నారు. అది నీలంగా మెరిసి ఊరుకుంటోంది. కేడీఈలో ఎన్నో ఏళ్లుగా ఒక్క నొక్కుతో ఫోల్డరు తెరుచుకునేది. ప్లాస్మా 6లో ఆ పద్ధతి మార్చారు. ఒక నొక్కుకు ఎంపిక అవుతుంది, రెండు నొక్కులకు తెరుచుకుంటుంది. విండోసు నుంచి కొత్తగా వచ్చేవారు ఒక్క నొక్కుకే తెరుచుకోవడం చూసి తికమకపడుతున్నారని ఆ మార్పు చేశారు. సబబైన కారణమే. కానీ అక్క కొత్తగా రాలేదు కదా, తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నారు. ఆవిడ అలవాటు ఎక్కడికి పోయింది?

దీని వెనుక ఒక చిన్న మర్మం ఉంది. విద్యార్థులున్నారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. కేడీఈ మీ అమరికలను కొన్ని మామూలు టెక్స్టు ఫైళ్లలో దాచుకుంటుంది. అయితే మీరు చేయిపెట్టి మార్చినవే అందులో రాసుకుంటుంది. మార్చనివాటిని రాయదు, డెవలపర్లు పెట్టిన విలువను అప్పటికప్పుడు తీసుకుంటుంది. అక్క ఆ ఒక్క నొక్కు అమరికను ఏనాడూ ముట్టుకోలేదు. నచ్చినదాన్ని ఎవరు ముట్టుకుంటారు? అందుకని ఫైలులో ఆ వరుసే లేదు. డెవలపర్లు తమ విలువ మార్చగానే ఆవిడ కంప్యూటర్‌లోనూ అది మారిపోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ మౌనాన్ని పూర్తి అంగీకారంగానే తీసుకున్నారు. అమరికతో అసంతృప్తి చెంది ఒకసారైనా మార్చుకున్నవాడి ఇష్టం భద్రంగా ఉంది. తొమ్మిదేళ్లు తృప్తిగా వాడుకున్న మనిషి ఇష్టం లెక్కలోకి రాలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కొత్తగా వచ్చేవారికి ఏదైనా పెట్టండి. పాతవారి ఫైలులో మాత్రం అప్‌గ్రేడ్ సమయంలో ఆ ఒక్క వరుస రాసిపెట్టి ఉంటే సరిపోయేది.

సరే, అమరికల్లోకి వెళ్లి మార్చాను. అర నిమిషం పని. కానీ అది ఎక్కడుందో తెలిసినవాడికి అర నిమిషం. అక్కకు తెలిసింది ఏమిటంటే, శనివారం తెరుచుకున్నది సోమవారం తెరుచుకోలేదు.

గంట తరువాత రెండో పిలుపు. తెలుగు పడడం లేదు. ఇది కాస్త తీవ్రమైనది, ఎందుకంటే మా బతుకంతా దాని మీదే. చిత్రం ఏమిటంటే, ఒక విండోలో తెలుగు చక్కగా పడుతోంది. పక్క విండోలో అవే మీటలు నొక్కితే ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. తెర మూలన తెలుగు గుర్తు మాత్రం తప్పకుండా కనబడుతోంది. ఎదురుగా కస్టమరు కూర్చుని ఉన్నారు, కూతురి పెళ్లి.

మేము తెలుగు కొట్టేది ఐబస్ అనే ప్రోగ్రాము ద్వారా. మీటలు నొక్కితే మధ్యలో అది పట్టుకుని, ‘కె’ను ‘క’గా మార్చి ముందుకు పంపుతుంది. పాత ఏర్పాటులో అది దానంతట అదే మొదలై అన్ని విండోల్లోనూ పనిచేసేది. కొత్త ఏర్పాటులో దాన్ని కేడీఈ తానే పిలవాలి. అలా పిలవమని మనం ఒకచోట చెప్పాలి. ఎక్కడో ఊహించండి. కీబోర్డు అమరికల్లో ‘వర్చువల్ కీబోర్డు’ అనే పేజీలో! వర్చువల్ కీబోర్డు అంటే తెర మీద వేలితో నొక్కే బొమ్మ కీబోర్డు అనుకుంటాం కదా. బల్ల మీద నిజమైన కీబోర్డు పెట్టుకున్న మనిషి ఆ పేజీలోకి ఎందుకు వెళతాడు? నిజానికి ఐబస్ పొద్దున్నే ఒక నోటీసు చూపించింది, ఫలానా చోటికి వెళ్లి నన్ను ఎంచుకోండి అని. అక్క దాన్ని మూసేశారు. మూసేయడం తప్పా? అది నాలుగు వరుసల ఇంగ్లీషు. తెలుగు కొట్టడం ఎలాగో తెలుగు కొట్టేవారికి ఇంగ్లీషులో చెబితే, చదవకుండా మూసేయడం చాలా సహజమైన పని.

చైనీయులకు, జపానువారికి, మనకు ఈ బాధ ఉమ్మడిది. ఇంగ్లీషు మాత్రమే కొట్టేవారికి కీబోర్డుకూ తెరకూ మధ్య ఎవరూ ఉండరు. మనకు ఎప్పుడూ మధ్యవర్తి ఉంటాడు. ఇల్లు మారినప్పుడల్లా ఆ మధ్యవర్తికి కొత్త చిరునామా చెప్పాలి.

మూడోది చెబుతాను. నన్ను నిజంగా తలదించుకునేలా చేసింది అదే.

కీబోర్డులో డిలీట్ మీటకు పైన ఇన్సర్ట్ అనే మీట ఉంటుంది. దాన్ని పొరపాటున నొక్కితే, మేము టైపు చేసే రైటరు ప్రోగ్రాములో కొత్తగా కొట్టే అక్షరాలు పాతవాటిని పక్కకు జరపవు, తినేస్తాయి. టైపు చేసేవారికి దానంత శత్రువు లేదు. చాలా ఏళ్ల కిందట అక్క అడిగితే, ఎక్స్‌మాడ్‌మ్యాప్ అనే చిన్న ఆదేశంతో ఆ మీటను చచ్చినట్టు చేశాను. ప్రతిరోజూ లాగిన్ కాగానే ఆ ఆదేశం దానంతట అదే నడిచేది. ఆ మాట నేనూ మరిచిపోయాను, ఆవిడా మరిచిపోయారు.

ఆ సోమవారం సాయంత్రం ఒక శుభలేఖ ప్రూఫు వెళ్లింది. అందులో వరుడి తాతగారి పేరు ముందు ‘కీర్తిశేషులు’ చేర్చమన్నారు. అక్క ఆ చోట కర్సరు పెట్టి, డిలీట్ కోసం వేలు చాపి, ఇన్సర్ట్ తాకించి, కస్టమరు వైపు చూస్తూ కొట్టేశారు. ‘కీర్తిశేషులు’ వచ్చింది. తాతగారి పేరు పోయింది, చివరి అక్షరం తప్ప. పెదనాన్నగారు ప్రూఫు చదివి, “పోయినవారు ఎవరో కూడా చెప్పరా?” అన్నారు. (నవ్వులు) ఇప్పుడు నవ్వు వస్తోంది. ఆరోజు అక్క కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. పన్నెండేళ్లలో ఆవిడ చేతి నుంచి అలాంటి ప్రూఫు వెళ్లలేదు. పైగా ఆవిడ దృష్టిలో తప్పు చేసింది తన వేలే.

తప్పు వేలిది కాదు. లినక్సులో తెర మీద విండోలను చూపించి, నొక్కిన మీటలను వాటికి చేర్చే పాత ఏర్పాటు పేరు ఎక్స్. అది 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. అది చెరువుగట్టు లాంటిది. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఏ ప్రోగ్రామైనా మరో ప్రోగ్రాములో మీరు కొడుతున్న మీటలను చూడగలదు. అందులో మీ పాస్‌వర్డు కూడా ఉంటుంది. ఆ రోజుల్లో అది ఎవరికీ పెద్ద భయంగా తోచలేదు. అదే పని చేయడానికి 2008లో మొదలైన వేలాండ్ ఆ గట్టు మీద ఎవరి గది వారికి కట్టింది. మీటలను డెస్క్‌టాప్ ఒక్కటే తీసుకుని, ఏ విండోకు చెందినవి ఆ విండోకే అందిస్తుంది. మంచి పనే, నేను పూర్తిగా సమర్థిస్తాను. ప్లాస్మా 6 వేలాండ్‌నే ముందుకు తెచ్చింది. నేను శనివారం రాత్రి అక్కను ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మార్చానన్నమాట. ఎక్స్‌మాడ్‌మ్యాప్ పాత ఇంటి భాష మాట్లాడుతుంది. ఆ సోమవారం కూడా అది నడిచింది. కానీ దాని మాట వినేవారు అక్కడ లేరు. ఇన్సర్ట్ మీటకు మళ్లీ ప్రాణం వచ్చింది. ఎవరూ ఒక హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

కస్టమర్లకు దూరం నుంచి తెర చూపించడానికి వాడే సాఫ్ట్‌వేరు నల్ల తెర చూపించడానికీ, విండోలు నిన్న వదిలిన చోట ఈరోజు తెరుచుకోకపోవడానికీ కారణం ఈ మార్పే. వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

ఇది మనకే జరిగిందని అనుకోకండి. ఇదొక పాత కథ. 2008 జనవరిలో కేడీఈ 4.0 వచ్చింది. ఇది పునాది మాత్రమే, అందరూ వాడుకోవడానికి ఇంకా సిద్ధం కాలేదని డెవలపర్లు అన్నారు. కానీ దాని మీద 4.0 అని రాసి ఉంది. ఫెడోరా 9 వంటి లినక్సులు దాన్నే వాడుకరుల చేతిలో పెట్టాయి. జనం గగ్గోలు పెట్టారు. పాత 3.5ను వదలలేనివారు దాన్ని ట్రినిటీ అనే పేరుతో ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. 2011 ఏప్రిల్‌లో కేడీఈ లాంటిదే మరో డెస్క్‌టాప్, గ్నోమ్ 3 వంతు వచ్చింది. విండో మూల ఉండే మూడు బొత్తాల్లో రెండు, చిన్నది చేసేదీ పెద్దది చేసేదీ, తీసేశారు. వారి వాదనలో తర్కం ఉంది: కింద పట్టీయే లేనప్పుడు విండోను ఎక్కడికి దించుతారు? వాదన సరే, చేయి మాత్రం రోజూ ఆ మూలకే వెళుతుంది. అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి పాత గ్నోమ్ 2ను తీసుకుని మాటే అనే పేరుతో బతికించాడు. మాటే అంటే దక్షిణ అమెరికాలో కాచుకుని తాగే ఆకు. లినక్స్ మింట్ వారు సిన్నమన్ అనే సొంత డెస్క్‌టాప్ చేసుకున్నారు. అంటే దాల్చినచెక్క. కోపం వస్తే కషాయం కాచుకున్నారన్నమాట.

లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ కూడా దీనికి అతీతుడు కాదు. కేడీఈ 4 నచ్చక గ్నోమ్‌కు వెళ్లాడు, గ్నోమ్ 3 నచ్చక 2011లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కు వెళ్లాడు, ఆ తరువాత మళ్లీ గ్నోమ్‌కే వచ్చాడు. లినక్సుకు గుండెకాయ లాంటి కెర్నెల్ రాసిన మనిషికే బొత్తాలు కదిలితే అంత చిరాకు వస్తే, మా అక్క విసుక్కోవడంలో వింత ఏముంది?

గ్నోమ్ వాడేవారికి మరో ఇబ్బంది ఎక్స్‌టెన్షన్లు, అంటే బయటివారు రాసి ఇచ్చే చేర్పులు. 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడు, అవి లోపలి భాగాలను పిలిచే పద్ధతే మారిపోయింది. దాంతో ఒక్కటి కూడా మార్చకుండా పనిచేయలేదు. అన్నిటినీ రాసినవారే తిరిగి సరిచేయాల్సి వచ్చింది. కొందరు సరిచేశారు, కొందరు ఈలోగా ఉద్యోగం మారి, పెళ్లి చేసుకుని, ఆ సంగతే మరిచిపోయారు. మా ప్లాస్మాలోనూ మూడోపక్షం విడ్జెట్లది అదే కథ.

ఇక్కడ డీటీపీ నడిపేవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. మన ఆపరేటర్లు “పనిచేయడం లేదు” అంటారు. ఆ ఒక్క మాటకు మూడు అర్థాలు ఉండవచ్చు. నిజంగా చెడిపోయింది, చోటు మారింది, కావాలనే తీసేశారు. నేను ఆ వారమంతా ఎదురు ప్రశ్నలే వేశాను. అదేమిటి, సరిగ్గా నొక్కారా, ఏమి నొక్కారు అని. నా ప్రశ్నల్లో ఆవిడకు వినబడింది ఒకటే: నీదే తప్పు అని. గురువారం నుంచి పద్ధతి మార్చాను. పక్కన స్టూలు వేసుకుని, నోరు మూసుకుని, ఆవిడ చేతులు చూస్తూ కూర్చున్నాను. ఇన్సర్ట్ సంగతి నాకు తెలిసింది అప్పుడే, అదీ ఆవిడే పట్టుకున్నారు. “తమ్ముడూ, ఈ మీట ఇదివరకు పలికేది కాదు, ఇప్పుడు పలుకుతోంది” అన్నారు. ఏ లాగ్ ఫైలూ నాకు ఆ సంగతి చెప్పలేదు.

ప్రశ్నలు అడుగుతామన్నారు, అడగండి.

(ఒక విద్యార్థి: “ఉచితంగా చేసిపెట్టేవారిని మనం తప్పుపట్టవచ్చా, సార్?”)

మంచి ప్రశ్న. జీతం తీసుకుని రాసేవారూ ఉన్నారు, తీరిక వేళల్లో రాసేవారూ ఉన్నారు. తిట్టడానికి మనకు హక్కు లేదు. చెప్పడానికి ఉంది. నేనూ మొదటి రోజు కేడీఈ బగ్గుల జాబితాలో ఒక పెద్ద తిట్ల దండకం రాసి, పంపబోతూ ఆగి చెరిపేశాను. మర్నాడు వెర్షను, ఏ విండోలో ఏమి నొక్కాను, ఏమి రావాలి, ఏమి వచ్చింది, ఇంతే రాద్దామని కూర్చున్నాను. వెతికితే అదే బాధను ఇంకెవరో అంతకు ముందే నాకంటే బాగా రాసి ఉన్నారు. దాని కింద, తెలుగు కొట్టేటప్పుడు కూడా ఇదే జరుగుతోందని ఒక వరుస చేర్చాను. మన భాష పేరు అక్కడ కనబడడం కూడా అవసరమే.

(మరొకరు: “అసలు అప్‌గ్రేడ్ చేయకపోతే ఏమవుతుంది? పాతదే ఉంచుకోవచ్చు కదా?”)

ఉంచుకోవచ్చండి. డెబియన్ 12కు దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకు ఉంది. నాకు తొందర ఏమీ లేదు, తీరిక ఉంది, అంతే. వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు ఆపే తేదీని మనకు ముందే ప్రకటిస్తారు కదా. ఆలోగా ఊరి మంచినీటి చెరువు నింపుకుంటాం. కాలువ కట్టేశాక చెరువు గురించి ఆలోచించే ఊరు మన డెల్టాలో లేదు. నేను మాత్రం ఆ శనివారం చేసింది అదే. శుభలేఖల ఫైళ్లు దాచాను గానీ, పాత వ్యవస్థ మొత్తాన్ని మరో డిస్కులోకి ఎత్తిపెట్టలేదు. వెనక్కి వెళ్లే దారి లేక ముందుకు ఈదాను. మిగిలిన మూడు కంప్యూటర్లలో ఇప్పటికీ 12 ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో, అక్కను అడిగి, ఒక్కొక్కటే చేస్తాను.

ఎక్స్‌ఎఫ్‌సీఈ సంగతి అడుగుతున్నారు. మా షాపులో బిల్లులు కొట్టే పాత కంప్యూటర్‌లో మాత్రం కేడీఈ కాదు, ఉన్నది అదే. 2022 డిసెంబరులో 4.18, మళ్లీ 2024 డిసెంబరులో 4.20 వచ్చాయి. రెంటినీ పక్కపక్కన పెడితే తేడా చెప్పడానికి కాసేపు వెతకాలి. దాన్ని కొందరు లోపం అంటారు. బిల్లు పుస్తకాలు కొట్టే అబ్బాయి ఇంతవరకు నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు.

చివరగా, ఆ ఇన్సర్ట్ మీట ఏమైందని ఇందాక ఎవరో అడిగారు. వేలాండ్‌లో మీటల అమరిక మార్చడానికి రెండు మూడు దారులు ఉన్నాయి. అన్నీ చదివి, కీడీ అనే చిన్న ప్రోగ్రాము ఎంచుకున్నాను. అది డెస్క్‌టాప్ కంటే కింది అంతస్తులో పనిచేస్తుంది కాబట్టి పైన ఏ ఇల్లు ఉన్నా దానికి పట్టింపు లేదు. దాని పేరు వినగానే అక్క, “కీడు ఎందుకు తమ్ముడూ, ఇంకో పేరున్నది లేదా?” అన్నారు. కీడెంచి మేలెంచమన్నారు కదా అక్కా అని సర్దిచెప్పి, మూడు సాయంత్రాలు కూర్చుని దాన్ని సరిగ్గా నిలబెట్టాను. ఇప్పుడు ఆ మీట నొక్కండి, ఏమీ జరగదు, చూడండి అని గర్వంగా పిలిచాను.

ఆవిడ కీబోర్డు నా వైపు తిప్పారు. డిలీట్ పైన మీట ఉండాల్సిన చోట ఖాళీ గుంట ఉంది. సొరుగు లాగి, రబ్బరు స్టాంపుల పక్కన పెట్టిన ఇన్సర్ట్ మీటను తీసి నా చేతిలో పెట్టారు. పెదనాన్నగారు వచ్చి వెళ్లిన సాయంత్రమే పిన్నీసుతో పెకలించారట.